అరువది ఘడియలలో ఒక ఘడియ



శ్రీ లక్ష్మీనృసింహస్వామి కృష్ణానదీ తీరమున రెండు తావులలో వెలసిన పుణ్యభూమి మనది. మట్టపల్లిలో స్వామి యోగానందుడై కొలువున్నాడు. కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లిలో తన ఊపిరితో దీపశిఖను కదలించుచున్నాడు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలమునాటి శివాలయములు ఎనిమిది వందల సంవత్సరములుగా నిలిచి ఉన్నవి. 2016లో జిల్లాల విభజన జరిగి సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలోను, మిర్యాలగూడ మరియొక జిల్లాలోను చేరినను, ఈ మూడు పట్టణముల ప్రజలు మ్రొక్కు దైవములు ఒక్కటే, పడు శ్రమ ఒక్కటే.

ఇట్టి భక్తుల ఎదుట నేడు మేము వేదాంత విచారమును గాని, వ్రత విధానమును గాని చెప్పదలచలేదు. ఇంటింట జరుగుచున్న ఒక చిన్న లోపమును గూర్చి చెప్పదలచితిమి. తల్లిదండ్రులు పనిలో ఉన్నారు. బిడ్డలు ఎదురుచూచుచున్నారు. ఈ రెంటి నడుమ ధర్మమేమి? ఇదియే నేటి విషయము.

మనకందరకు తెలిసిన కాలువతోనే ఆరంభింతము. 1955 డిసెంబరు 10న పండిత జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. లాల్ బహదూర్ కాలువయను పేరుగల ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను తడుపుచు ఖమ్మము వైపు సాగినది. మెట్ట పైరులు పండిన నేలలో వరి పండినది. వరితో మిల్లులు వచ్చినవి. మిల్లులతో లారీలు, లారీలతో దుకాణములు, దుకాణములతో బ్యాంకులు, బడులు, కళాశాలలు పెరిగినవి. అనగా నేడు మన తీరికను హరించుచున్న పనులలో పెక్కు ఆ నీటి వెంటనే వచ్చినవి. ఇది దోషము కాదు, భాగ్యము. అయినను ప్రతి భాగ్యమునకు ఒక బాధ్యత తోడుగా ఉండును.

ఇప్పుడు కాలువ క్రింది రైతును అడుగుడు. కాలువ నిండుగా పారుచున్నను చివరి మడి ఎండుట కలదు. ఏల? తూము దగ్గరి పొలము తన దాహము తీరువరకు ఆగదు. దాని తరువాతి పొలమును అట్లే. చివరివాని వంతు వచ్చునప్పటికి కాలువ అడుగు కనిపించును. వాడు నోరులేనివాడైనచో వాని పైరు చప్పుడు లేకుండ ఎండిపోవును. అందుచేతనే పెద్దలు వారబందీ పద్ధతిని ఏర్పరచిరి. చివరి భూములకు నీరు పోవు దినములలో పైవారు తమ తూములు మూయవలెను. మిగిలిన నీరు ఇచ్చుట దయ. వంతు నీరు ఇచ్చుట ధర్మము.

మన దినమునకును ఇదియే పోలిక. ఉద్యోగము తూము దగ్గరి పొలము. అప్పులు, వ్యవహారములు, చుట్టరికములు, సెల్‌ఫోను నడిమి పొలములు. బిడ్డ చివరి మడి. "పని అయిన తరువాత చూతము" అని మనము అనుకొందుము. పని ఏనాడును కాదు. రాత్రి పది గంటలకు మనము ఇల్లు చేరునప్పటికి బిడ్డ నిద్రపోయి ఉండును. ఆ నిద్రించు ముఖమును చూచి, దుప్పటి సరిచేసి, "రేపు మాట్లాడవచ్చు" అని తృప్తి పడుదుము. మిగిలిన కాలమును ఇచ్చుచున్నామే గాని, వంతు కాలమును ఇచ్చుటలేదు.

మేము ఎవరినీ నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఈ ప్రాంతపు శ్రమ మాకు తెలియనిది కాదు. కోతల కాలమున మిర్యాలగూడ మిల్లులు రాత్రింబవళ్లు ఆడుచుండును. హమాలీ సోదరుని భుజము నుండి బస్తా దిగదు, గుమస్తా చేతి నుండి లెక్క దిగదు. కొనుగోలు కేంద్రముల వద్ద కాటా కొరకు రైతు ధాన్యపు రాశి ప్రక్కనే పండుకొనును. పూర్వము 9వ నంబరుగాను, ఇప్పుడు 65వ నంబరుగాను పిలువబడుచున్న హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగనే పోవుచున్నది. దానిపై లారీ నడుపువాడు, బస్సు నడుపువాడు, దాని ప్రక్కన హోటలు నడుపువాడు గడియారమును చూచి బ్రదుకలేరు. సిమెంటు కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేసినవాడు పిల్లలు బడికి పోవు వేళకు నిద్రకు ఉపక్రమించును. ఇక స్త్రీల మాట చెప్పనేల? నాట్లకు పోవు తల్లి, బడిలో పాఠము చెప్పి వచ్చు తల్లి, ఆసుపత్రిలో సేవచేసి వచ్చు తల్లి, వీరికి ఇంట రెండవ ఉద్యోగము కాచుకొని ఉండును.

వీరందరి నోట ఒక్కటే మాట వినబడును: "ఇదంతా ఎవరి కోసం? పిల్లల కోసమే కదా!" ఈ మాట అబద్ధము కాదు. అయితే నిజములో సగము మాత్రమే. మిగిలిన సగమును శ్రీమద్భాగవతము రెండు ఇండ్లలో మనకు చూపినది. మొదటిది యశోదమ్మ ఇల్లు.

దశమ స్కంధములోని ఉలూఖల బంధన ఘట్టము మీరందరు వినినదే. ఆనాడు ఇంటి పరిచారికలు వేరు పనులలో ఉన్నారు. యశోద తానే కవ్వము పట్టి పెరుగు చిలుకుచున్నది. పనిలో మునిగియున్న తల్లి వద్దకు బాలకృష్ణుడు ఆకలితో వచ్చి కవ్వమును పట్టుకొనెను. ఆమె చిలుకుట ఆపి బిడ్డను ఒడికి తీసుకొని పాలిచ్చెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగినవి. బిడ్డ కడుపు నిండకమునుపే దించి, ఆమె పొయ్యి దగ్గరకు పరుగెత్తెను.

ఇచ్చట ఒక్క ప్రశ్న వేసికొందము. పొయ్యిమీది పాలు ఎవరి కొరకు? ఆ ఇంటిలో కాగు పాలు ఆ బిడ్డ కొరకే కదా! బిడ్డ కొరకు కాగుచున్న పాలను కాపాడుటకై, పాలు త్రాగుచున్న బిడ్డను దించవలసి వచ్చినది. మన మిల్లులు, దుకాణములు, ఉద్యోగములు పొయ్యిమీది పాలవంటివి. అవి పొంగినప్పుడు దించక తప్పదు. పొంగిపోనిమ్మని భాగవతము చెప్పలేదు. కాని దింపబడిన బిడ్డ ఏమి చేసెను? పెదవి కొరికి, రాతితో కుండ పగులగొట్టి, లోనికి పోయి వెన్న తినుచు కూర్చుండెను. మన ఇండ్లలో బిడ్డ పలక విసరినను, తమ్ముని కొట్టినను, అకారణముగ అలిగినను అది ఆ కుండ పగిలిన చప్పుడే. చాల సందర్భములలో దానికి అర్థము దుర్మార్గము కాదు. "నన్ను మధ్యలో దించితివి" అనుటయే.

యశోద తిరిగి వచ్చి పగిలిన కుండను చూచి ఏమి చేసెను? మొదట నవ్వెను. అది బిడ్డ పని యని ఆమెకు తెలిసినది. తరువాత కఱ్ఱ పట్టి వెంబడించెను. బిడ్డ భయపడుచున్నాడని గ్రహింపగనే కఱ్ఱను పారవైచెను. అప్పుడు త్రాటితో కట్టబోగా అది రెండు అంగుళములు తక్కువయ్యెను. ఎన్ని త్రాళ్లు ముడివేసినను ఆ రెండు అంగుళముల కొరత తీరలేదు. తల్లి అలసట చూచి, జాలిపడి, స్వామి తానే కట్టుబడెను. తల్లిదండ్రుల ప్రయత్నము ఎంత నిండుగా ఉన్నను కొంచెము తక్కువ పడుచునే ఉండును. ఆ కొరతను బిడ్డ తన ప్రేమతో తీర్చును. అయితే ప్రయత్నము మన వైపునుండి జరిగి తీరవలెను. ఆమె బిడ్డ వెంట పరుగెత్తి అలసినది గనుకనే ఆ అలసట బిడ్డ కంట పడినది. మనము బిడ్డకు కనబడని చోట అలయుచున్నాము.

తండ్రులు మరువరాని మాట మరొకటి కలదు. మద్ది చెట్లు కూలిన పిమ్మట నందగోపుడు వచ్చి, రోలుతో కట్టబడిన బిడ్డను చూచి, నవ్వుచు కట్టు విప్పెను. ప్రొద్దు క్రుంకిన తరువాత ఇంటికి వచ్చు తండ్రి మరియొక ముడి వేయరాదు. దినమంతయు పడిన ముడులను విప్పవలెను.

రెండవ ఇల్లు హిరణ్యకశిపునిది. మన నృసింహ క్షేత్రములలో ఆ కథ చెప్పని దినము లేదు. అయినను తండ్రిగా అతడేమి చేసెనో నెమ్మదిగా చూడుడు. బిడ్డ గర్భమున ఉన్నప్పుడు తండ్రి తపస్సుకై దూరము పోయెను. ఆ కాలమున తల్లికి ఆశ్రయమిచ్చినవాడు నారదుడు. ఆయన చెప్పిన మాటలను బిడ్డ గర్భమునుండియే వినెను. తిరిగి వచ్చిన తండ్రి ముల్లోకములకు అధిపతి. తీరిక లేనివాడు. అయినను బిడ్డ చదువునకు లోటు చేయలేదు. గురుపుత్రులైన చండామార్కుల వద్ద చదువబెట్టెను. కొంతకాలమునకు ఇంటికి రప్పించి, తొడపై కూర్చుండబెట్టుకొని, "నాయనా, నీవు నేర్చిన దానిలో మేలైనదేదో చెప్పు" అని అడిగెను.

ఇంతవరకు లోపమేమి? ఒడి ఇచ్చెను. గురువులను ఇచ్చెను. ప్రశ్నయు వేసెను. లోపము తరువాత వచ్చినది. బిడ్డ తన మనస్సులోని మాట చెప్పెను. అది తండ్రి కోరిన సమాధానము కాదు. మొదటిసారి నవ్వి త్రోసివేసి, "వీనిని ఎవరో చెడగొట్టుచున్నారు" అని మరల గురువుల వద్దకు పంపెను. రెండవసారి మరల తొడపై కూర్చుండబెట్టుకొని అడిగెను. బిడ్డ మరల తన మాటయే చెప్పెను. అంతట ఆ తొడమీది నుండియే నేలకు త్రోసెను. అడుగుట నేర్చిన తండ్రి వినుట నేర్వలేదు. సమయము ఇచ్చుట అనగా ప్రక్కన కూర్చుండుట మాత్రమే కాదు. బిడ్డ చెప్పు మాట మనము కోరినది కాకపోయినను తుదివరకు వినుట.

మనలను ఎవ్వరును అసురులనరు. కాని మన ఇండ్లలో బిడ్డలు వినుచున్న మొదటి ప్రశ్న యేది? "ఎన్ని మార్కులు వచ్చినయి?" ఫోనులో అదియే. హాస్టలు గేటు వద్ద అదియే. చుట్టముల ఎదుట అదియే. ఆ ప్రశ్నకు మంచి సమాధానము లేని దినమున బిడ్డ మౌనము వహించును. 2019 ఏప్రిల్‌లో మన తెలంగాణములో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. ఫలితములలో దొరలిన తప్పులపై ప్రభుత్వము విచారణ సంఘమును వేసినది. ఒక్కొక్క దుఃఖమునకు కారణములు అనేకములు. ఆ తల్లిదండ్రులను వేలెత్తి చూపుటకు మనకు అధికారము లేదు. వారి దుఃఖము ముందు తలవంచుట మాత్రమే మన పని. అయితే జీవించియున్న మన బిడ్డల విషయమున ఒక నిశ్చయము చేసికొనవచ్చును. తప్పినాననియు, భయముగా ఉన్నదనియు చెప్పుటకు బిడ్డకు మన ఇంటిలోనే చోటు ఉండవలెను. ఆ చోటు ఒక్కనాటిలో ఏర్పడదు. ప్రతి దినము కొంచెము కొంచెముగా ఏర్పడును.

ఇక చేయవలసినదేమి? మన పంచాంగము అహోరాత్రమును 60 ఘడియలుగా విభజించినది. ఒక ఘడియ 24 నిమిషములు. అరువదిలో ఒక ఘడియను బిడ్డ వంతుగా రాసి ఇయ్యుడు. వ్రతమును పట్టినట్లు పట్టుడు. ఆ ఘడియలో మిగిలిన తూములన్నియు మూయవలెను. ఫోను వేరొక గదిలో ఉండవలెను. దూరదర్శిని నోరు మూతపడవలెను. చదువు గూర్చిన ప్రశ్న ఆ ఘడియలో మొదటి ప్రశ్న కారాదు. "ఈనాడు ఏమి జరిగినది?" అని అడిగి, చెప్పినంతసేపు వినుడు. మందలింపవలసినది ఉన్నచో మరునాటికి ఉంచుడు. చిన్న బిడ్డయైనచో ఒడిలో కూర్చుండబెట్టుకొనుడు. పెద్ద బిడ్డయైనచో ప్రక్కన నడువుడు. మాట రానిచో మౌనముగ కూర్చుండుడు. వంతు నీరు పారిన దినముననే మొలక కనబడదు. తడి లోపలికి దిగుచుండును.

సాయంకాలమే కావలెనను నియమము లేదు. రాత్రి షిఫ్టువానికి ఉదయము బడికి దిగబెట్టు త్రోవయే ఆ ఘడియ. మిల్లు పనివారికి అన్నము తిను వేళయే ఆ ఘడియ. ఇంటి పనిలోనే తల్లి బిడ్డను కలుపుకొనవచ్చును. చిక్కుడుకాయ ఈనెలు తీయుచు చెప్పుకొను కబుర్లు ఏ పాఠమునకును తీసిపోవు. పొలముగట్టు మీద తండ్రి వెంట నడచిన బిడ్డకు నీటి విలువయు, తండ్రి చెమట విలువయు ఒకేసారి తెలియును. లారీపై దూరము పోవు సోదరుడు దినమునకొక నిర్ణీత వేళ బండి ప్రక్కకు నిలిపి ఇంటికి ఫోను చేయవచ్చును. అప్పుడు మొదట బిడ్డతో మాట్లాడి, తరువాత లెక్కలు మాట్లాడవలెను. విదేశములలో ఉద్యోగము చేయుచు బిడ్డను ఇచ్చట తాత, నాయనమ్మల వద్ద ఉంచినవారికిని ఈ మాటయే వర్తించును. మాట ఇచ్చిన వేళ తప్పరాదు. బిడ్డకు ఘడియ పొడవుకంటె మాట నిలుకడ ముఖ్యము.

హాస్టలులలో చదువు బిడ్డల సంగతి వేరుగా చెప్పవలెను. 1971లో అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలులో గురుకుల విద్యాలయము ఏర్పడిన నాటినుండి పేద బిడ్డలెందరో గురుకులములలో చదివి పైకి వచ్చినారు. దూరముగ ఉంచి చదివించుట తప్పు కాదు. శ్రీరాముడును గురువు వెంట అడవికి పోయెను. అయితే తల్లిదండ్రులను అనుమతించు ఆదివారమున మనము తీసికొనిపోవు పులిహోర డబ్బా, జామకాయలతో పాటు ఖాళీ చెవులను కూడ తీసికొనిపోవలెను. ఆ చెట్టుక్రింది గంటలో ఉపాధ్యాయుని వద్ద మార్కుల పట్టిక చూచుటకే ముప్పాతిక గంట పోయినచో, బిడ్డకు మిగిలినది పులిహోర మాత్రమే.

ప్రభుత్వములు తమ వంతు కొంత చేసినవి. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన ఊరూర అంగన్‌వాడీ వచ్చినది. 2017లో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు ప్రసూతి సెలవు 12 వారముల నుండి 26 వారములకు పెరిగినది. మిల్లు యజమానులు, దుకాణదారులు, కళాశాలల నిర్వాహకులు ఈ సభలో ఉన్నచో వారికి మా మనవి ఒక్కటి. మీ వద్ద పనిచేయువాడు బిడ్డకు జ్వరమని సెలవు అడిగినప్పుడు ముఖము చిట్లింపకుడు. పైతూము మూయు అధికారము మీ చేతిలో ఉన్నది. అది కూడ దేవాలయమునకు ఇచ్చు విరాళము వంటిదే. కాని చట్టము సెలవు ఇయ్యగలదు, యజమాని తీరిక ఇయ్యగలడు. ఆ తీరికలో బిడ్డ మాట వినుట తల్లిదండ్రులే చేయవలెను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో వచ్చిన పెను వర్షములకు కోదాడ చెంత నడిగూడెము మండలములో ఎడమ కాలువకు గండి పడినది. అందరు పరుగెత్తి వచ్చిరి. యంత్రములు వచ్చినవి. గండి పూడ్చువరకు అధికారులకు, రైతులకు నిద్రలేదు. కాలువ గండి కంటికి కనబడును. బిడ్డ మనస్సున పడు గండి కనబడదు. అన్నము మాని గదిలో కూర్చుండుట, ఎప్పుడును మాట్లాడు బిడ్డ మూగవోవుట, నిద్రపట్టక తిరుగుట దాని గుర్తులు. అవి కనబడిన నాడు మిల్లు ఆగినను, దుకాణము మూతపడినను ఫరవాలేదు. ముందు అచ్చటికి పరుగెత్తుడు. అవసరమైనచో వైద్యుని సలహా తీసికొనుడు. అందులో సిగ్గుపడవలసినది లేదు.

వాడపల్లిలో స్వామి ముఖము ఎదుట దీపము కదలుచుండును, క్రింది దీపము నిశ్చలముగ ఉండును. అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసముల మహిమయని భక్తుల విశ్వాసము. ఆ కదలికను చూడవలెనన్నచో వరుసలో త్రోసికొని పోవువానికి వీలుకాదు. క్షణకాలము తాను కదలక నిలువవలెను. బిడ్డలో ఊపిరాడుచున్న భయమును, సంతోషమును చూచుటకును ఇదియే మార్గము.

చివరగా ప్రహ్లాదుని మాట మరియొకటి చెప్పి ముగింతుము. స్తంభము నుండి వెలువడిన స్వామి ఉగ్రత్వమును చూచి బ్రహ్మాది దేవతలు దూరముననే నిలిచిరి. లక్ష్మీదేవియు దగ్గరకు పోలేదు. ఆ పసివాడు నిర్భయముగ పోయి మ్రొక్కెను. స్వామి అతని తలపై చేయి ఉంచెను. తరువాత ప్రహ్లాదుడు చేసిన స్తుతి ఎంతో దీర్ఘమైనది. లోకములు దద్దరిల్లుచున్న ఆ వేళ స్వామి ఒక బాలుని మాటను తుదివరకు వినెను. అప్పుడే ఆయన కోపము శమించెను. వరము కోరుమనగా ఆ బాలుడు ఏమి కోరెను? తన మాట ఏనాడును వినని తండ్రి పాపములు తొలగి పవిత్రుడు కావలెనని కోరెను.

బిడ్డల హృదయము అట్టిది. మనము వినకపోయినను వారు మన మేలునే కోరుదురు. ఆ ప్రేమను అలుసుగా తీసికొనరాదు. భక్తులారా! మీరు మట్టపల్లిలో ప్రదక్షిణములు చేయుడు, వాడపల్లి సంగమమున స్నానము చేయుడు, పిల్లలమర్రిలో అభిషేకము చేయించుడు. ఇల్లు చేరిన తరువాత మీ బిడ్డ వంతు ఘడియను బిడ్డకు ఇయ్యుడు. చివరి మడి తడిసిన నాడే కాలువ త్రవ్విన ఫలము దక్కును.

శ్రీ లక్ష్మీనృసింహుడు మీ ఇండ్లలోని పిల్లలను, వారికై శ్రమించు మిమ్ములను చల్లగ కాపాడుగాక!

స్వస్తి.